రేవు ఒక చోట ఉండదు

మాది సూర్యాపేట. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. కాబట్టి ఇందులో అచ్చుతప్పులు కనబడితే నన్ను కాదు, నాతో రాయించిన క్లబ్ సీనియర్లని అడగండి. "వాడుతూనే ఉన్నా సరిగ్గా తెలియని తెలుగు మాట ఒకటి తీసుకో. దాని సంగతేంటో నేర్చుకుని మాకు పాఠంలా చెప్పు" అన్నారు. నేను తీసుకున్న మాట రేవు.

ఓడరేవు అంటే విశాఖపట్నం, చాకిరేవు అంటే బట్టలుతికే చోటు. ఇంతవరకు తెలుసు. రేవు అని ఒక్క మాటే పెట్టి అర్థం చెప్పమంటే మాత్రం నోరు రాలేదు. అమ్మమ్మని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేసింది: "నీళ్ళలోకి దిగనిచ్చే చోటు." ఈ 'దిగనిచ్చే' అన్న మాట దగ్గరే అసలు విషయం ఉందని తర్వాత అర్థమైంది. నదికి ఒడ్డు ఎంత పొడుగైనా ఉండొచ్చు, కానీ దిగనిచ్చే చోట్లు కొన్నే ఉంటాయి. ఒక చోట రాయి, ఒక చోట ఊబి, ఒక చోట నిట్టనిలువు గట్టు, ఇంకో చోట ఎవరిదో పొలం. మనిషి, గేదె, పడవ, ముగ్గురూ దిగగలిగి, ఎవరినీ అడగక్కర్లేని చోటే రేవు. మెళ్ళచెరువు మండలంలో రేవూరు అని ఊరే ఉంది. బస్సు బోర్డు మీద ఎన్నిసార్లు చదివానో, ఆ పేరులో రేవు ఉందని ఒక్కసారీ తట్టలేదు.

మా అమ్మమ్మ వాళ్ళది కోదాడ అవతల చింతలపాలెం మండలం. పాత ఊరు పులిచింతల ముంపులో పోయింది. ఇప్పుడుండేది పునరావాస కాలనీలో. మామయ్య కొంత వ్యవసాయం చేస్తాడు, కొంత చేపలు పడతాడు. పోయిన దసరా సెలవులకి వెళ్ళినప్పుడు అవతలి ఒడ్డుకి పోయే మర పడవ ఎక్కాను. తొమ్మిది మందిమి, రెండు బియ్యం బస్తాలు, ఒక మేక. నది మధ్యకి వచ్చేసరికి నీళ్ళు అద్దంలా ఉన్నాయి, వెనక కొండలు. నేను లేచి నిలబడి ఫోన్ తీశా. ఫ్రేములోకి వద్దామని ఇద్దరు పిల్లలు నా వైపు జరిగారు. వాళ్ళని పట్టుకోవడానికి వాళ్ళమ్మ కూడా ఇటే వంగింది. అంతే. పడవ అంచు నీళ్ళకి ఆనింది, చెంబుడు నీళ్ళు లోపలికొచ్చాయి. "కూసో! కూసో! లేవమాక!" అని పడవాయన అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. పడవ మునగలేదు. ఫోన్ మాత్రం కృష్ణార్పణం. ఉన్న ఒకే ఒక్క లైఫ్ జాకెట్‌ని ఇంజన్ పక్కన మెత్తగా ఉంటుందని ఎవరో కింద వేసుకుని కూర్చున్నారు. తప్పు నాదే. ఒడ్డు చేరాక మామయ్య నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధనిపించింది. ఆ రోజు నుంచే ఈ పాఠం మొదలు.

ముందు ఏ పడవకి ఏ రేవు కావాలో చూద్దాం. పుట్టి గురించి మీకు తెలిసే ఉంటుంది. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లిన పెద్ద బుట్ట. ఒకప్పుడు తోలు తొడిగేవాళ్ళు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కట్టి తారు పూస్తారు, ఫైబర్‌వి కూడా వచ్చాయి. అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి మోకాలి లోతు నీళ్ళున్నా తేలుతుంది. ఒక మనిషి నెత్తిన బోర్లించుకుని నడిచి పోవచ్చు. బళ్ళు ఓడలు, ఓడలు బళ్ళు అవుతాయంటారు కదా, పుట్టి విషయంలో అది రోజూ జరిగే పనే. దానికి కట్టిన రేవు అక్కర్లేదు, కాలు జారని నేల ఉంటే చాలు.

బల్లకట్టు దీనికి పూర్తిగా వేరు. రెండు పెద్ద పడవల్ని జత చేసి, పైన బల్లలు పరిచి కడతారు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు ఇనుప రేకువే ఎక్కువ. ఆటోలు, ట్రాక్టర్లు, లారీలు దాని మీదికి ఎక్కుతాయి. జగ్గయ్యపేట దగ్గర ముక్త్యాల నుంచి అవతల మాదిపాడుకి నడిచే బల్లకట్టు పేరు కోదాడ వాళ్ళు చాలామంది వినే ఉంటారు. మట్టపల్లిలో కూడా వంతెన కట్టకముందు నరసింహస్వామి దర్శనానికి పల్నాడు వైపు నుంచి వచ్చేవాళ్ళకి పడవ, బల్లకట్టే దారి. బల్లకట్టుకి ఒడ్డున చదునైన, గట్టి, వాలుగా ఉన్న దారి కావాలి. లారీ చక్రం కూరుకుపోతే ఇటు రోడ్డు, అటు నది రెండూ ఆగిపోతాయి.

ఇప్పుడు అసలు చిక్కు. వాగు అయినా నది అయినా, రేవు దాదాపు ఒకే చోట ఉంటుందని అనుకుంటాం. రిజర్వాయర్ పక్కన అలా కుదరదు. పులిచింతల ప్రాజెక్టు, అధికారికంగా కె.ఎల్.రావు సాగర్, పూర్తి నీటిమట్టం 175 అడుగులు. నిల్వ 45.77 టీఎంసీలు. కనీస నీటిమట్టం 140 అడుగులు. అంటే నీళ్ళు ఏడాదిలో 35 అడుగుల ఎత్తు దిగొచ్చు, ఎక్కొచ్చు. మూడంతస్తుల బిల్డింగ్ అంత. ఎత్తులో 35 అడుగులంటే ఒడ్డు మీద ఎంత దూరం? లెక్క వేద్దాం. నేల 50 అడుగులకి ఒక అడుగు చొప్పున వాలిందనుకోండి. 35ని 50తో గుణిస్తే 1,750 అడుగులు, అర కిలోమీటరు పైమాట! వానాకాలంలో పడవ కట్టిన వేపచెట్టు ఎండాకాలానికి నీళ్ళకి అర కిలోమీటరు దూరంలో ఉంటుంది. మధ్యలో ఉండేది రోడ్డు కాదు, బురద. పైకి ఎండి పెచ్చులు కట్టి, కింద మెత్తగా ఉండే బురద. అందులో అడుగు పెట్టిన గేదె ఒక్కోసారి బయటికి రాదు.

ఒక్కోసారి ఇదంతా నెలల్లో కాదు, రోజుల్లో జరుగుతుంది. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ నంబర్ గేటు కొట్టుకుపోయింది. దాని స్థానంలో స్టాప్‌లాగ్ బిగించాలంటే నీటిమట్టం తగ్గించాలి. అందుకని నిండుగా ఉన్న రిజర్వాయర్‌ని కిందికి వదిలేశారు. టీవీలో మనం కింద ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద చూశాం. పైన మా మామయ్య వాళ్ళు చూసింది దానికి తిరగేసిన సినిమా. పొద్దున నీళ్ళలో కట్టిన పడవ మర్నాడు బురదలో పక్కకి ఒరిగి ఉందట. పది మంది పట్టి లాగినా కదల్లేదట.

ఎక్కే నీళ్ళ సంగతీ అంతే. మిర్యాలగూడ వాళ్ళకి వాడపల్లి బాగా తెలుసు, కృష్ణలో మూసీ కలిసే చోటు. అక్కడ రేవులో నీళ్ళు పెరగడానికి వాడపల్లిలో వాన పడక్కర్లేదు. హైదరాబాద్‌లో కుండపోత పడితే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తుతారు. ఆ నీళ్ళు మన సూర్యాపేట పక్కన సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టుకి వస్తాయి, అక్కడా గేట్లు ఎత్తుతారు. చివరికి వాడపల్లి సంగమం. ఇంకోవైపు నాగార్జునసాగర్ గేట్లు. మీరు రేవులో ఎండలో నిలబడి ఉంటారు, ఆకాశంలో మబ్బు తునక ఉండదు, నీళ్ళు మాత్రం మెట్టు మెట్టు ఎక్కుతుంటాయి. కాబట్టి నీళ్ళ దగ్గరికి పోయే ముందు చూడాల్సింది వెదర్ యాప్ కాదు, పై ప్రాజెక్టుల నీటిమట్టం, గేట్ల వార్త. ఈ అంకెలు రోజూ పేపర్లో వస్తాయి. నేను ఇన్నేళ్ళూ ఆ బాక్సు దాటేసి సినిమా పేజీకి పోయేవాణ్ణి.

రేవు జరగడం కొత్తేమీ కాదు. నాగార్జునకొండ తవ్వకాల్లో ఇక్ష్వాకుల కాలంనాటి రాతి స్నానఘట్టం బయటపడింది. మూడో శతాబ్దపు రాజధాని విజయపురి వాళ్ళు కృష్ణలోకి దిగిన మెట్లు. సాగర్ కడితే లోయంతా మునుగుతుందని ముఖ్యమైన కట్టడాల్ని రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్ళీ పేర్చారు. ఇప్పుడు ఆ దీవికి పోవాలంటే లాంచీ ఎక్కాలి. అంటే పాత రేవుని చూడ్డానికి కొత్త రేవులో టికెట్ తీసుకుంటున్నాం. స్కూల్ టూర్‌లో వెళ్ళినప్పుడు ఇది ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పినప్పుడు నేను చిప్స్ తింటున్నా.

ఇక్కడ ఘాట్‌కీ రేవుకీ తేడా చెప్పాలి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి మట్టపల్లి, వాడపల్లిలో పెద్ద ఘాట్లు కట్టారు. మెట్లు, రెయిలింగ్, బట్టలు మార్చుకునే గదులు. స్నానానికి బాగున్నాయి. మెట్ల మీద పడవ దించలేం. పడవ అడుగు మెట్టు అంచుకి కొట్టుకుని పగులుతుంది, చేపల బుట్ట మోసేవాడి కాలు జారుతుంది. పైగా స్నానం చేసేవాళ్ళ మధ్యలోకి ఇంజన్ పంకా తిరుగుతున్న పడవ రావడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. మునిగేవాళ్ళకి మెట్లు కావాలి, తేలేవాళ్ళకి వాలు కావాలి. రెండూ పక్కపక్కన కాకుండా దూరంగా ఉండాలి. మనం ఒకటే కట్టాం.

వాలు ఎంత ఉండాలి అనేదానికి లెక్కుంది. మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. వాళ్ళింటికి దగ్గర్లో లూయిస్‌విల్ లేక్ అని ఉంది, అదీ డ్యామ్ కడితే వచ్చిన చెరువే. దాని చుట్టూ పబ్లిక్ బోట్ ర్యాంపులు ఉంటాయి. పడవని కారు వెనక ట్రైలర్ మీద తెచ్చి, రివర్స్ గేర్‌లో ర్యాంపు దిగి, నీళ్ళలో వదులుతారు. అన్నయ్య వీడియో కాల్‌లో చూపించాడు. అమెరికాలో అలాంటి ర్యాంపుకి మామూలుగా 100 అడుగుల పొడుగుకి 12 నుంచి 15 అడుగుల వాలు పెట్టమంటారు. అంతకన్నా తక్కువైతే కారు మునిగేదాకా పోయినా పడవ తేలదు, ఎక్కువైతే కారు జారి పడవ వెంటే పోతుంది. కాంక్రీటు నున్నగా వదిలేయరు, అడ్డంగా గాళ్ళు గీస్తారు. పాచి పట్టినా చక్రం పట్టు దొరుకుతుంది.

ఆ లెక్క మనకి పెట్టి చూశా. 12 శాతం వాలుతో 35 అడుగులు దిగాలంటే ర్యాంపు పొడుగు సుమారు 292 అడుగులు, 90 మీటర్ల లోపే. ఇది నేల కాస్త నిటారుగా ఉన్న చోట చూసి కట్టాలి. ఒక పంచాయతీ సీసీ రోడ్డు కన్నా పెద్ద పనేం కాదు. కానీ కట్టడానికి ఒక టైం ఉంది. నీళ్ళు బాగా తీసినప్పుడు, ఎండాకాలంలోనే కట్టాలి. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు శంకుస్థాపన చేసి ఫొటో దిగితే, ర్యాంపు పైన 20 అడుగులకే సరిపోతుంది. జనవరికల్లా దాని చివర నుంచి నీళ్ళ దాకా మళ్ళీ బురదే.

డల్లాస్ వీడియోలో నాకు నచ్చింది కాంక్రీటు కాదు, ఇంకొకటి. ఒకాయన ర్యాంపు మీద కారు ఆపి, తాపీగా పడవలోకి ఐస్ బాక్సులు సర్దుతున్నాడు. వెనక ఆరు కార్లు. ఎవరో గట్టిగా హారన్ కొట్టారు. అక్కడి పద్ధతి ఏంటంటే, సర్దుకోవడం, తాళ్ళు కట్టుకోవడం, జాకెట్లు వేసుకోవడం అన్నీ పైన పార్కింగ్‌లోనే అయిపోవాలి. ర్యాంపు మీదికి వచ్చాక దిగడం, వదలడం, వెళ్ళిపోవడం. ఇది చూడగానే మన సెకండ్ ఇయర్ వాళ్ళకి ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసు గుర్తు రావాలి. ర్యాంపు ఒక క్రిటికల్ సెక్షన్. ఒకేసారి ఒక్కరే ఉండగలరు. లోపలికి వచ్చే ముందే పనులన్నీ ముగించుకుని, లాక్ తీసుకుని, పని చేసుకుని, వెంటనే వదిలేయాలి. లాక్ పట్టుకుని నిద్రపోయే ప్రాసెస్‌ని మేడమ్ ఎంత తిట్టారో గుర్తుందా? ఐస్ బాక్స్ ఆయన అదే.

మామయ్యకి ఈ పోలిక చెప్తే నవ్వాడు. "మాకు ఎప్పటి నుంచో ఉన్నదేగా" అన్నాడు. చూస్తే నిజమే. తెల్లవారుజామున వలలు తీసొచ్చే పుట్టీలదే మొదటి వంతు, ఎందుకంటే చేప ఆగదు. అవి వచ్చేటప్పుడు రేవులో గేదెల్ని దించరు. వల చిక్కులు నీళ్ళ అంచున తీయరు, పైకి తెచ్చుకుని తీయాలి. పడవ తాడు నడిచే దారికి అడ్డంగా కట్టకూడదు. ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళని దిగనివ్వాలి. ఇవి ఏ బోర్డు మీదా లేవు. మాలాంటి వాళ్ళం పోయి కారు నీళ్ళ దాకా దించి, పాటలు పెట్టి, దారికి అడ్డంగా నిలబడి ఫొటోలు దిగినప్పుడే బోర్డు లేని లోటు తెలుస్తుంది.

మరి రేవు ఎవరిది? అవతలి గట్టు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ, ఇవతలి గట్టు నిజాం రాజ్యం. రేవు దాటడం అంటే సరిహద్దు దాటడమే, సుంకం కట్టే చోటూ అదే. అవతలి వైపు రేవుల కోసం 1890లోనే మద్రాసు ప్రభుత్వం కాలువలు, పబ్లిక్ ఫెర్రీల చట్టం చేసింది. బల్లకట్టు రేవుల్ని జిల్లా పరిషత్తు వేలం వేయడం, పాడుకున్న పాటదారు ఏడాదిపాటు రేట్ల ప్రకారం వసూలు చేసుకోవడం ఇప్పటికీ నడుస్తున్న పద్ధతే. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. ఇంజన్ ఉన్న పడవకి రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ ఉండాలి. పడవ ఎక్కేముందు అవి అడగడం మన హక్కు, అడిగితే ఎవరూ తప్పనుకోకూడదు. 2017 నవంబర్ 12, కార్తీక మాసం ఆదివారం, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర, గోదావరి వరదలో ఉండగా, పాపికొండలకి బయల్దేరిన బోటు మునిగింది. అక్కడ పోయినవాళ్ళు 50 మంది దాకా. రెండు చోట్లా జనం సరదాగా ఎక్కినవాళ్ళే, మనలాంటి వాళ్ళే.

పడవ బరువుకి మునుగుతుందని అనుకుంటాం. నేనూ అదే అనుకున్నా. ఏడడుగుల వెడల్పు పుట్టి తీసుకోండి. అడుగు వైశాల్యం సుమారు మూడున్నర చదరపు మీటర్లు. 70 కిలోల మనిషి ఎక్కితే అది దిగేది రెండు సెంటీమీటర్లే. ఐదుగురు ఎక్కినా పది. ఆర్కిమెడిస్ ప్రకారం బానే ఉంది. అయితే ఆ లెక్క అందరూ సమానంగా, కదలకుండా కూర్చున్నంతసేపే. ముగ్గురు ఒకే వైపు వంగితే ఆ పక్క అంచు మిగిలినదాని కన్నా ఎంతో ఎక్కువ దిగుతుంది. నిలబడితే బరువు పైకి పోయి ఊగు ఇంకా పెరుగుతుంది. నేను లేచిన రోజు పడవలో మనుషులు పెరగలేదు, బియ్యం బస్తాలు పెరగలేదు. ఉన్న బరువే చోటు మారింది. అందుకే ఎక్కేటప్పుడు ఒక్కొక్కరుగా, మధ్యలో అడుగు పెట్టి, వంగి, వెంటనే కూర్చోవాలి. జాకెట్ ఒడ్డునే వేసుకుని బకిల్స్ పెట్టుకోవాలి. నీళ్ళలో పడ్డాక వేసుకోవచ్చు అనుకునేవాళ్ళు ఒకసారి హాస్టల్ బాత్రూంలో తడి చొక్కా తొడుక్కుని చూడండి.

మన టౌన్ల వాళ్ళకి నీళ్ళంటే కట్ట. సూర్యాపేటలో సద్దుల చెరువు కట్ట మీద సాయంత్రం వాకింగ్ చేస్తాం, చల్లగాలికి నిలబడతాం. నీళ్ళలోకి దిగేది ఏడాదికి ఒక్కసారి, బతుకమ్మని వదిలేటప్పుడు. ఆ రోజు కూడా మెట్ల మీద తోపులాట, చీకట్లో పాచి. అమ్మ ప్రతి ఏడాది ఎవరి చెయ్యో పట్టుకుని దిగుతుంది. చెరువు అందంగా కనబడటానికి పెట్టిన లైట్లలో రెండు, దిగే చోట పెడితే బాగుండు అని ఈసారే అనిపించింది.

వంతెనలు వచ్చాక రేవులెందుకు అని ఒక ఫ్రెండ్ అడిగాడు. మట్టపల్లిలో వంతెన ఉంది, వాడపల్లి నుంచి పొందుగలకి వంతెన ఉంది. నిజమే, బైక్ మీద నిమిషాల్లో అవతల ఉంటాం. వంతెన నదిని దాటిస్తుంది, నదిలోకి దిగనివ్వదు. మామయ్యకి దాటే పని నెలకి ఒకసారి, దిగే పని రోజూ. ఊరు మునిగినప్పుడు ఇంటికి, పొలానికి లెక్కగట్టి పరిహారం ఇచ్చారు. పాత ఊరి రేవు ఎవరి పేరు మీదా లేదు కాబట్టి అది ఏ కాగితంలోనూ పోలేదు. కొత్త కాలనీ నుంచి నీళ్ళకి పోవాలంటే ఇప్పుడు ఇద్దరి పొలాల గట్ల మీదుగా పోవాలి. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి పోనిస్తున్నారు.

సంక్రాంతికి మళ్ళీ వెళ్ళా. మామయ్య పుట్టిని నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు, తెడ్డు, వల నా చేతిలో. వేపచెట్టు దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టా. దసరాకి చెట్టు నుంచి నీళ్ళ దాకా 38 అడుగులు వేశాం. ఈసారి 212. ఫోన్లో ఒక షీట్ చేసి రెండు అంకెలూ, ఆ రోజు పేపర్లో వచ్చిన పులిచింతల నీటిమట్టం పక్కన పక్కన రాశా. మామయ్య అది చూసి, "ఉగాదికి వస్తే ఇంకోటి రాసుకోవచ్చు, చెప్పులు మాత్రం మంచివి తెచ్చుకో" అన్నాడు.